ఎడమ కాలికి పని లేని బండి

ఇది రాసిపెట్టకపోతే ఒక అబద్ధం నిజమైపోతుంది. మండపేటలో మా రైసుమిల్లు చుట్టుపక్కల ఎవరినడిగినా ఒకే మాట చెబుతారు. "డ్రైవరుగారు మంచోడేనండి పాపం. ఆ ఆటోమేటిక్ కారు మాత్రం ఆయన బుర్రకి ఎక్కలేదు. గోదారి దాటే పంటు మీద దాన్ని వదిలేశాడు." ఆయన పోయిన రోజున పాడె కడుతున్నవాళ్ళు కూడా ఈ మాటే అనుకున్నారు. అది ఎలా తప్పో పూర్తిగా తెలిసినవాళ్ళు ఈ లోకంలో ఇద్దరే. వాళ్ళలో ఒకరిని ఆ సాయంత్రం దహనం చేసి వచ్చాం. రెండోవాణ్ణి నేను.

నేను ఆ మిల్లులో గుమస్తాని. పదో తరగతితో నా బడి ఆగిపోయింది. ఆ తర్వాత చదివిందంతా మా ఊరి శాఖా గ్రంథాలయంలోనే. సాయంత్రం ఐదున్నరకు మిల్లు గేటు దాటితే తిన్నగా అక్కడికే వెళ్ళేవాణ్ణి. ఖగోళం చదివాను, ఆయుర్వేదం చదివాను, తేనెటీగల పెంపకం చదివాను. తేనెటీగలు నాకెందుకని ఎవరూ అడగలేదు, నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు. "ఆ లైబ్రరీలో నేను తెరవని బీరువా లేదు" అని చెప్పుకోవడం నాకు సరదా. మిల్లులో ఎవరికి ఏ సందేహం వచ్చినా నా బల్ల దగ్గరికే వచ్చేవారు. మందుల చీటీ, కొత్త ఫోను, కోర్టు నోటీసు, ఏదైనా సరే. తెలియదని చెప్పి పంపిన గుర్తు లేదు. ఈ కథంతా ఆ అలవాటులోంచే వచ్చింది.

మిల్లులో అరడజను మంది లారీ డ్రైవర్లు ఉండేవారు. వాళ్ళందరికీ పేర్లున్నాయి. 'డ్రైవరుగారు' అంటే మాత్రం ఆయనొక్కరే. ఓనరుగారి తండ్రి కాలంలో కొన్న తెల్లకారును అన్నేళ్ళూ తోలింది ఆయనే. ఎక్కే ముందు బానెట్ మీద రెండు వేళ్ళతో రెండుసార్లు తట్టేవారు, ఎవరింటికో వెళ్ళి తలుపు కొట్టినట్టు. సీటు మీద మడత తువ్వాలు. కాలవ గట్టు మీద గేదెలు అడ్డమొస్తే హారన్ కొట్టేవారు కాదు. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి "జరగండమ్మా, జరగండి" అనేవారు. అవి నిజంగానే జరిగేవి. వంతెన ఎక్కేటప్పుడు కారులో ఎవరు మాట్లాడుతున్నా సరే, "ఒక్క నిమిషం ఊరుకోండి" అనేవారు. ఓనరుగారయినా ఊరుకోవలసిందే. ఆయన తల కాస్త ఎడమకు వాల్చి ఇంజిను చప్పుడు వినేవారు. ఎడమ మోకాలు లేచేది, దిగేది. గేరు మారిన సంగతి మాకు తెలిసేది కాదు.

"బండి అడుగుద్దండి" అని ఒకసారి నాతో అన్నారు. "అడిగినప్పుడు ఇవ్వాలి. అడక్కముందు ఇచ్చామా, కోపమొస్తది. అడిగాక ఇవ్వలేదా, ఏడుస్తది."

"మనుషుల్లాగేనన్న మాట" అన్నాను.

"మనుషులు అడగరు కదండీ."

మిల్లు వెనక గదిలో ఒక్కరే ఉండేవారు. భార్య ఎప్పుడో పోయింది, పిల్లల్లేరు. ఇంతకు మించి ఆయన చెప్పలేదు, మేమూ తవ్వలేదు. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ తీసుకువెళ్ళినప్పుడు ఆ ఇళ్ళవాళ్ళు లోపలికి వచ్చి భోంచేయమని పిలిచేవారు. ఆయన క్యారేజీ విప్పుకుని కారు పక్కనే నీడలో కూర్చునేవారు. "బండి ఒక్కత్తీ ఉంటదండి" అనేవారు. మొదటిసారి విన్నవాళ్ళు నవ్వేవారు. రెండోసారి విన్నవాళ్ళు నవ్వినట్టు నేను చూడలేదు.

కరోనా వెళ్ళిపోయాక ఓనరుగారు కొత్త కారు తెచ్చారు, ఆటోమేటిక్‌ది. తెల్లకారు ఊక గోదాము పక్క షెడ్డులోకి వెళ్ళిపోయింది. కొత్తకారులో కింద రెండే పెడల్సు. కుడిది వేగానికి, దాని పక్కన వెడల్పాటిది బ్రేకు. క్లచ్చి లేదు. గేరు రాడ్డు ఉన్నా అది మార్చడానికి కాదు. పార్కింగుకు 'పి', వెనక్కి 'ఆర్', ఖాళీకి 'ఎన్', ముందుకు 'డి'. ఒకసారి 'డి'లో పెడితే ఇక గేర్ల సంగతి బండే చూసుకుంటుంది.

మొదటి రోజు మిల్లు గేటు మలుపులో డ్రైవరుగారి ఎడమకాలు ఎప్పటిలాగే లేచింది. క్లచ్చి అనుకుని ఉన్న బలమంతా పెట్టి తొక్కారు. ఆ కాలి కింద ఉన్నది బ్రేకు. కారు గోడకు కొట్టుకున్నట్టు ఆగిపోయింది. వెనక సీట్లో ఉన్న ఓనరుగారి తల్లి, మేమంతా మామ్మగారని పిలిచే ఆవిడ, ముందు సీటుకు నుదురు కొట్టుకున్నారు.

"ఒరే, నన్ను గుడికి తోలుతున్నావా, కాటికి తోలుతున్నావా?"

"తప్పయిపోయిందండి. కాలు వినలేదండి."

"నలభై ఏళ్ళు విన్న కాలికి ఇవాళేం పుట్టిందిరా?"

మరునాడూ అదే, మూడోనాడూ అదే. టీ కొట్టు దగ్గర లారీ డ్రైవర్లకు పండగయింది. "డ్రైవరుగారండీ, మీ ఎడంకాలికి పింఛను రాయించేశారంట కదా!" అని ఒకడు, "కాలు తీసి ఇంట్లో పెట్టి రండి, బరువు తగ్గుద్ది" అని ఇంకొకడు. ఆయనా నవ్వి టీ తాగేసి వెళ్ళిపోయారు.

ఓనరుగారు మంచి మనిషే. కానీ ఇంట్లో కూతురి పెళ్ళి పెట్టుకున్నారు. "చూడు, పెళ్ళిలోపు ఈ బండి నీ చేతికి రావాలి. రాకపోతే ఇంకొకణ్ణి చూసుకోక తప్పదు" అని నా ఎదుటే ఆయనతో చెప్పేశారు.

ఆ పిల్లను రాజమండ్రి ఆసుపత్రి నుంచి పొత్తిళ్ళలో ఇంటికి తెచ్చింది డ్రైవరుగారే. బడికి దింపిందీ కాలేజీకి దింపిందీ ఆయనే. అప్పగింతలయ్యాక అత్తవారింటికి కూడా తనే తీసుకెళ్ళాలని ఆయన కోరిక. ఆ కోరిక ఎవరితోనూ అనలేదు, నాతో తప్ప. నాతో అన్నది కూడా సాయం అడగడానికే.

ఒక మధ్యాహ్నం భోజనాల వేళ నా బల్ల ముందుకొచ్చి నిలబడ్డారు. చేతిలో చెప్పులున్నాయి. ఆఫీసు గదిలోకి ఆయన చెప్పులతో వచ్చేవారు కాదు.

"గుమస్తాగారండీ, కాలుకి చెబితే వినట్లేదండి. బుర్రకి చెబుదామని వచ్చాను. ఆ బండిలో గేరు ఎవరు మారుస్తున్నారండి?"

ఆ ప్రశ్న నాకు బాగా నచ్చింది. ఆ సాయంత్రమే లైబ్రరీలో మోటారు వాహనాల పుస్తకం తీశాను. ఆకుపచ్చ అట్ట, తెలుగు పుస్తకమే, బొమ్మలు ధారాళంగా ఉన్నాయి. ఆటోమేటిక్ గేర్ల అధ్యాయం నలభై పేజీలు. రెండు సాయంత్రాలు కూర్చుని ఇరవై ఎనిమిది పేజీలు చదివాను. విషయం పట్టుబడిందనిపించింది. పట్టుబడిన దాన్ని ఎవరికైనా చెప్పేయాలన్న ఆత్రం నాకు పుట్టుకతో వచ్చింది. మిగతా పన్నెండు పేజీలు తర్వాత చూద్దామనుకున్నాను.

మూడోనాడు ఆఫీసులో రెండు టేబులు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టాను. ఒకదానికే కరెంటు ఇచ్చాను. అది గిర్రున తిరిగింది. దాని గాలికి రెండో ఫ్యాను కూడా మెల్లగా మొదలుపెట్టి తిరగసాగింది. దాని ప్లగ్గు నేల మీద పడి ఉంది. డ్రైవరుగారు ఆ ప్లగ్గు చూసి, ఫ్యాను చూసి, మళ్ళీ ప్లగ్గు చూశారు.

"మొదటి ఫ్యాను ఇంజిననుకోండి. రెండోది చక్రాల వైపుది. మామూలు కారులో ఈ రెంటికీ మధ్య క్లచ్చి పళ్ళేలు ఉంటాయి, ఒకదాన్నొకటి అదుముకుని. మీ ఎడమకాలు వాటిని విడదీస్తుంది. ఇందులో పళ్ళేలు లేవు. నూనె నిండిన డబ్బా ఒకటి ఉంటుంది. అందులో ఎదురెదురుగా రెండు రెక్కల చక్రాలు. ఇంజిను ఒకదాన్ని తిప్పితే నూనె సుడి తిరిగి రెండోదాన్ని తిప్పుతుంది."

ఆయన వేలు పెట్టి రెండో ఫ్యాను రెక్కను సున్నితంగా ఆపేశారు. మొదటిది తన మానాన తిరుగుతూనే ఉంది.

"ఓహో. బ్రేకు వేసి ఆపినా ఇంజిను ఆగిపోనిది అందుకాండి? మధ్యలో పట్టుకునేది ఏదీ లేదన్న మాట."

నాకు రెండు రోజులు పట్టిన సంగతి ఆయన వేలికి ఒక్క క్షణంలో తెలిసిపోయింది. తర్వాత గేర్ల బొమ్మ గీశాను. నడుమ ఒక పళ్ళచక్రం, దాని పేరు సూర్యుడు. చుట్టూ తిరిగే చిన్న చక్రాలు గ్రహాలు. వాటినన్నిటినీ చుట్టి బయట ఒక కంకణం. ఈ మూడింటిలో దేన్ని కదలకుండా పట్టుకుంటామో దాన్ని బట్టి వేగం మారుతుంది. పట్టుకునే పని చేసేది నూనె ఒత్తిడి. ఆ ఒత్తిడి పుట్టించే పంపును ఇంజినే తిప్పుతుంది.

"నవగ్రహాల్ని కింద పెట్టుకుని తిరుగుతున్నామండి అయితే. ఏ గ్రహం వక్రిస్తే బండి ఆగుద్ది?" అని నవ్వారు. ఆ నవ్వు ఆగాక, "మరి ఎప్పుడు ఏ గేరు కావాలో దానికి ఎవరు చెబుతారండి?" అన్నారు.

"ఎవరూ చెప్పరు. వేగాన్ని బట్టి, మీరు తొక్కిన దాన్ని బట్టి అదే చూసుకుంటుంది."

"అడిగేదీ అదే, ఇచ్చుకునేదీ అదే."

"అంతే."

"మరి నన్నేమడుగుద్దండి?"

నేను ఫ్యాను ఆపాను.

అప్పుడు అడిగారు, అసలు ప్రశ్న. "వచ్చే వారం శుభలేఖలు పంచడానికి మొగల్తూరు వెళ్ళాలండి. రాజోలులో ఇచ్చి, సఖినేటిపల్లి దగ్గర పంటు ఎక్కి నర్సాపురం దాటాలి. పంటు మీద ఇంజిను ఆపేసి ఫస్టు గేరులో వదిలెయ్యడం మన అలవాటు కదండీ. ఈ బండిని ఎందులో వదలమంటారు? 'పి'లోనా, 'డి'లోనా?"

పంటు సంగతి తెలియనివారి కోసం చెబుతున్నాను. రెండు పడవల మీద బల్లలు పరిచి, కార్లనీ మోటారు సైకిళ్ళనీ ఎక్కించుకుని గోదావరి దాటించే సాధనం అది. రేవు తగిలినప్పుడు ముందుకు వాలుతుంది. అందుకే కారు ఎక్కగానే పంటువాడు "గేరులో ఏసి దిగండి!" అని కేకేస్తాడు. మామూలు కారు గేరులో ఉంటే ఇంజినే చక్రాలను పట్టుకుని ఉంటుంది. మా వైపు డ్రైవర్లు హ్యాండు బ్రేకును నమ్మరు, గేరును నమ్ముతారు.

"గేరే గట్టి. 'డి'లో వదలండి" అన్నాను.

ఆయన వెంటనే ఒప్పుకోలేదు. రెండు ఫ్యాన్లూ ఆగి ఉన్నాయి. రెండోదాని రెక్కను చిటికెన వేలితో నెట్టారు. అది హాయిగా తిరిగింది.

"ఇంజిను ఆగినా ఇది తిరుగుతోంది కదండీ మరి?"

ఈ ప్రశ్న దగ్గర ఆగి ఉంటే చాలు. ఇంజిను ఆగితే పంపు ఆగుతుంది, పంపు ఆగితే ఒత్తిడి పోతుంది, ఒత్తిడి పోతే గ్రహాలను పట్టుకునేవారెవరూ ఉండరు. ఇదంతా పది నిమిషాల కిందట నా నోటితోనే చెప్పాను. కానీ నా బల్ల ముందు నిలబడి, పెద్దగా చదువు లేని మనిషి, నా ఫ్యానుతోనే నన్ను తప్పుపడుతున్నాడు.

"అది ఫ్యానండీ. ఇది గేరు. పళ్ళలో పళ్ళు పడ్డాక కదలదు."

"పుస్తకంలో ఉందాండి?"

"ఉంది" అన్నాను.

"పుస్తకంలో ఉంటే ఇంకేమండి" అని చెప్పులు పట్టుకుని వెళ్ళిపోయారు.

బుర్రకు చెప్పాక కాలి సంగతి ఆయనే తేల్చుకున్నారు. ఎడమ చెప్పు విప్పేసి, ఆ కాలిని మడిచి సీటు మీద తన కిందే పెట్టుకుని, సగం మఠం వేసుకుని కూర్చుని తోలడం మొదలుపెట్టారు. విస్తరి ముందు కూర్చున్నట్టు ఉండేది. "వడ్డించనా?" అని మామ్మగారు వెనక నుంచి అడిగేవారు. వారం రోజుల్లో కుదుపు లేకుండా తోలేశారు. ఓనరుగారి ముఖం తేటపడింది. నేను టీ కొట్టు దగ్గర, గేరుబాక్సు ఎలా పనిచేస్తుందో ఆయనకు నేర్పింది ఎవరో నలుగురికీ చెప్పుకున్నాను.

శుభలేఖల రోజున కారులో నలుగురం. వెనక ఓనరుగారు, మామ్మగారు. ముందు డ్రైవరుగారు, ఆయన పక్కన ఒళ్ళో శుభలేఖల కట్టతో నేను. మూలలకు పసుపు రాసి, పైన పేర్లు నా దస్తూరీతోనే రాసినవి. రాజోలులో పని చూసుకుని సఖినేటిపల్లి రేవుకు చేరేసరికి పది గంటలైంది. పంటు ఎక్కాం. టిక్కెట్టు డ్రైవరుగారే తీసుకుని జేబులో పెట్టుకున్నారు. పంటువాడు మామూలు కేక వేశాడు. "గేరులో ఏసి దిగండి!"

డ్రైవరుగారు ఇంజిను ఆపారు. రాడ్డు 'డి'లోనే ఉంది. అద్దాలు దింపుకోవడానికని మామ్మగారి కోసం తాళం బండికే ఉంచారు. ఏదో కీచుమని కూసింది. "పొద్దున్నించీ ఏదో ఒకటి కూస్తూనే ఉందిరా ఇది" అన్నారు మామ్మగారు. ఆవిడ దిగలేదు. మేం ముగ్గురం దిగాం. దిగేటప్పుడు డ్రైవరుగారు రాడ్డు వైపోసారి చూసి, నా వైపు చూశారు. నేను తల ఊపాను.

గోదారి నిండుగా ఉంది. ఓనరుగారు ఫోను మాట్లాడుతున్నారు. నేను నది వెడల్పు గురించి చదివిందేదో డ్రైవరుగారికి చెబుతున్నాను. అంతలో పంటు నర్సాపురం రేవుకు తగిలి ముందుకు వాలింది.

కారు కదిలింది.

చప్పుడు లేకుండా, ఎవరో మెల్లగా పిలిస్తే వెళుతున్నట్టు కదిలింది. ముందు చేపల తట్ట కట్టిన మోటారు సైకిలుంది, దాని ముందు గొలుసు, దాని ముందు నీళ్ళు. మోటారు సైకిలు పక్కకు పడింది. తట్ట దొర్లింది. లోపల మామ్మగారు "ఒరే, ఒరే" అంటున్నారు. కేకలు వేసేలోగా డ్రైవరుగారు పరుగెత్తి తలుపు లాగి, కారుతో పాటే నడుస్తూ లోపలికి దూరారు. కుడివైపు తలుపులోంచి ఎక్కేవాడికి ముందు లోపలికి వెళ్ళేది ఎడమకాలే. అది వెళ్ళి బ్రేకు మీద పడింది. మొదటి రోజుల్లో పొరపాటున తొక్కినట్టే, ఉన్న బలమంతా పెట్టి. కారు గొలుసును ఒరుసుకుని ఆగింది.

మామ్మగారికి దెబ్బ తగల్లేదు. ఎవరికీ తగల్లేదు. ఓనరుగారు ఫోను జేబులో కుక్కుకుంటూ వచ్చి కారులోకి వంగి చూశారు.

"డీలో వదిలేశావా?"

"ఆయ్."

"ఇంజిను ఆపేసి డీలో వదిలేస్తావా? లోపల అమ్మ ఉంది! పీలో పెట్టాలని తెలీదూ? డీలో వదలమని ఎవరు చెప్పారు నీకు?"

నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. డ్రైవరుగారి పాదం ఇంకా బ్రేకు మీదే ఉంది. ఆయన నా వైపు చూడలేదు. చూసి ఉంటే బహుశా చెప్పేసేవాణ్ణి. చూడలేదు.

"ఎవరూ చెప్పలేదండి. అలవాటు కొద్దీ వదిలేశాను."

నా చేతిలోంచి శుభలేఖలు జారి పంటు బల్లల మీద పడ్డాయి. నేను వంగి ఒక్కొక్కటే ఏరుకున్నాను. తడిసిన వాటిని తుడిచాను. అన్నీ ఏరడం పూర్తయ్యేసరికి నేను నిజం చెప్పాల్సిన అదను దాటిపోయింది.

తిరుగు ప్రయాణంలో ఓనరుగారే తోలారు, చించినాడ వంతెన మీదుగా. డ్రైవరుగారు ఆయన పక్క సీట్లో కూర్చున్నారు. ప్రయాణికుల సీట్లో ఆయన్ని చూడటం అదే మొదలు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, బడిలో శిక్ష పడ్డవాడిలా కూర్చున్నారు. వంతెన ఎక్కుతుంటే ఆయన ఎడమ మోకాలు లేచి, కింద ఏమీ లేని చోట తొక్కి, దిగింది.

పెళ్ళికి రావులపాలెం నుంచి వేరే డ్రైవరు వచ్చాడు. అప్పగింతలప్పుడు డ్రైవరుగారు వీధి అరుగు చివర నిలబడ్డారు. పెళ్ళికూతురు ఎక్కాక కారు దగ్గరికి వచ్చి బానెట్ మీద రెండు వేళ్ళతో రెండుసార్లు తట్టి పక్కకు జరిగారు.

ఓనరుగారు ఆయన్ని పొమ్మనలేదు. గేటు దగ్గర లారీల నంబర్లు చూసే పని ఇచ్చారు. సాయంత్రాలు ఆయన షెడ్డులోకి వెళ్ళి తెల్లకారులో కూర్చునేవారు. దాని బ్యాటరీ ఎప్పుడో పోయింది. మీద తవుడు దుమ్ము. నా కిటికీలోంచి కనిపించేది. తల ఎడమకు వాల్చి, లేని చప్పుడు వినేవారు. మోకాలు లేచేది, చెయ్యి కదిలేది, మోకాలు దిగేది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మళ్ళీ దించుకుంటూ వచ్చి ఒకటి. నేను కిటికీ మూసేసేవాణ్ణి. వేసవిలో కూడా.

ఎదురుపడితే "బాగున్నారాండి గుమస్తాగారూ" అనేవారు, ఎప్పటిలాగే. ఆ పలకరింపులో ఏదైనా ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికేవాణ్ణి. దొరికేది కాదు. దొరికి ఉంటే బాగుండును.

ఒక సాయంత్రం లైబ్రరీకి వెళుతూ కిటికీలోంచి ఆయన్ని చూశాను, పత్రికల బల్ల చివర కూర్చుని ఏదో చదువుతున్నారు. నేను గుమ్మం ఎక్కలేదు. మరునాడూ అక్కడే ఉన్నారు. ఆ మరునాటి నుంచి నేను ఆ వీధిలోకి వెళ్ళడమే మానేశాను. ఏళ్ళ తరబడి నాదనుకున్న చోటు అది. ఇంటి దగ్గర గోడ చూస్తూ కూర్చునేవాణ్ణి. ఒక్క మాట చెప్పేస్తే పోయేదానికి ఒక వీధీ ఒక లైబ్రరీ ఒక స్నేహమూ వదులుకున్నాను. ఇదంతా తెలిసే చేశాను.

మొన్న శ్రావణంలో, తెల్లారి గేటు తాళం తీయలేదేమని వెళ్ళి చూస్తే ఆయన గదిలో మంచం మీదే ఉన్నారు. నిద్రలోనే పోయారన్నారు. పాడె దగ్గర అందరూ ఆ పాత మాటే అన్నారని మొదట్లో రాశాను. నేను అప్పుడు కూడా నోరు విప్పలేదు.

పదకొండో రోజు గడిచాక లైబ్రరీకి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో నాకే తెలియదు. కాళ్ళు ఆకుపచ్చ అట్ట పుస్తకం దగ్గరికి తీసుకెళ్ళాయి. ఆటోమేటిక్ గేర్ల అధ్యాయం తెరిచాను. నేను ఆపేసిన చోటు నుంచి నాలుగు పేజీల తర్వాత ఒక కాగితం ముక్క పెట్టి ఉంది. పంటు టిక్కెట్టు. ఆ పేజీలో ఉంది, నేను ఉందని చెప్పిన దానికి సరిగ్గా వ్యతిరేకం. ఇంజిను ఆగినప్పుడు నూనె ఒత్తిడి ఉండదు కాబట్టి, మీట ఏ గేరులో ఉన్నా చక్రాలను ఏదీ పట్టుకుని ఉండదు. 'పి'లో పెట్టినప్పుడు మాత్రమే ఒక కొక్కెం పళ్ళలోకి దిగి వాటిని బిగిస్తుంది. కొక్కెం బొమ్మ కూడా ఉంది. ఆ బొమ్మ మీద పెన్సిలు గీత కాదు గానీ, వేలితో పదేపదే తడిమిన మరక ఉంది.

లైబ్రేరియన్ సత్యవతిగారు నా చేతిలో పుస్తకం చూసి దగ్గరికి వచ్చారు.

"ఇది డ్రైవరుగారు ఆరు రోజులు చదివారండి, కూడబలుక్కుంటూ. ఆరో రోజు నన్ను పిలిచి ఈ పేజీ పైకి చదివి వినిపించమన్నారు. రెండుసార్లు చదివించుకున్నారు. అయ్యాక, 'గుమస్తాగారు ఈ పేజీ చదివారంటారా అండి?' అని అడిగారు."

"మీరేమన్నారు?"

"'గుమస్తాగారు చదవని పుస్తకం ఇక్కడ లేదండి, చదివే ఉంటారు' అన్నాను. డ్రైవరుగారు కాదన్నారు."

"ఏమని?"

"'చదివుండరండి. చదివితే చెప్పేవారు' అన్నారు. పుస్తకం తీసుకెళ్ళి దాని చోట్లో పెట్టేసి వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు."

ఆ లైబ్రరీ బల్ల మీదే ఇది రాయడం మొదలుపెట్టాను. సాయం చేసినవారికి కృతజ్ఞతలు చెప్పాలి. ఆయన మాటలు పొల్లుపోకుండా గుర్తుపెట్టుకుని చెప్పిన సత్యవతిగారికి. పాత గేరుబాక్సు విప్పి ఆ కొక్కెం నా చేతికిచ్చి, పడితే ఎలా బిగుస్తుందో చూపించిన మెకానిక్ వీర్రాజుకు. ఆ రోజు కారును ఆపింది ఎడమకాలేనని తానూ చూశానని చెప్పిన పంటు ఏసుబాబుకు. "వాడు ఆపాడురా, వదల్లేదు. నేను మొదట్నించీ చెబుతూనే ఉన్నాను, ఎవరు విన్నారు?" అన్న మామ్మగారు సుభద్రమ్మగారికి. ఇదంతా చదివి వినిపిస్తే చివరిదాకా విని, "అప్పుడే చెప్పాల్సింది కదండీ గుమస్తాగారూ" అని లేచి తెల్లకారు షెడ్డు వైపు వెళ్ళిన ఓనరు శ్రీనివాస్‌గారికి. ఇకముందు ఆ పాత మాట ఎవరు ఎత్తినా నా దగ్గరికి పంపిస్తానని మాట ఇచ్చిన టీ కొట్టు అప్పారావుకు.

డ్రైవరుగారి పేరు ఇక్కడ రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. లైబ్రరీ హాజరు పుస్తకంలో ఆరు రోజుల పాటు, పెద్ద పెద్ద అక్షరాలతో, గీత దాటకుండా ఆయనే రాసుకున్నారు. చూడాలనుకున్నవారు అక్కడే చూడవచ్చు. ఆ ఆరు పేజీల్లోనూ నా సంతకం ఉండదు.